స్కోర్ బుక్ లేని ఆట గురించి ఎడిటర్ గారికి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ స్పోర్ట్స్ పేజీలో న్యూయార్క్ స్ట్రీట్‌బాల్ గురించి, అంటే వీధి గ్రౌండ్లలో ఆడే బాస్కెట్‌బాల్ గురించి, వచ్చిన వ్యాసం చదివానండి. తెలుగు పేపర్లో ఈ ఆటకి అరపేజీ ఇచ్చారంటేనే నాకు పండగ, అందుకు ముందు థాంక్స్ చెప్పుకుంటున్నాను. కానీ చదివిన దగ్గర్నుంచి మనసు ఊరుకోవట్లేదు. అందులో స్ట్రీట్‌బాల్ అంటే బాల్‌ని అవతలివాడి నుదుటికి కొట్టి మళ్ళీ పట్టుకునే ట్రిక్కులాట అన్నట్టు రాశారు, ఆ తర్వాత అక్కడి పాత ఆటగాళ్ళంతా డ్రగ్స్‌లో పడి పాడైపోయారని రెండు పేరాల్లో ముగించేశారు. రెండిట్లోనూ కొంత నిజం ఉంది, కాదనను. కానీ ఆ గ్రౌండ్లలో ఏడేళ్ళు వీకెండ్లన్నీ గడిపినవాడిగా చెప్తున్నా, అసలు సంగతి ఈ రెండిట్లోనూ లేదు, అందుకే ఈ ఉత్తరం, కాస్త పెద్దదైతే ఏమీ అనుకోవద్దు.

నేను 2001 నుంచి 2008 దాకా ఉద్యోగం మీద న్యూయార్క్‌లోని హార్లెంలో ఉన్నాను. మా అపార్ట్‌మెంట్ నుంచి మూడు బ్లాకులు నడిస్తే ఒక చిన్న గ్రౌండ్, రెండు కోర్టులు, చుట్టూ ఎత్తైన ఇనప కంచె, కింద పగుళ్ళిచ్చిన తారు, రిమ్‌లకి, అంటే బుట్ట ఇనప రింగులకి, తాడు నెట్‌లు కాదు, గొలుసులు. మొదటి శనివారం షూస్ వేసుకుని వెళ్ళి సైడ్‌లైన్ దగ్గర నిలబడ్డాను, ఎవరో ఒకరు పిలుస్తారు కదా అని. మూడు గేమ్‌లు అయిపోయాయి, గంట పైన గడిచింది, ఒక్కరూ నా వైపు చూడలేదు. అప్పుడు కంచె పక్కన మడత కుర్చీ వేసుకుని కూర్చున్న ఒక పెద్దాయన, రిటైరైన బస్ డ్రైవర్ అని తర్వాత తెలిసింది, నన్ను దగ్గరికి పిలిచి చెప్పాడు, ఇక్కడ ఊరికే నిలబడితే ఎవరూ పిలవరు బాబూ, నెక్స్ట్ నాది అని గట్టిగా చెప్పాలి, చెప్పాక మిగతా నలుగురినీ నువ్వే ఏరుకోవాలి, అప్పుడు ఆ గేమ్ నీది, నిన్ను ఎవరూ పక్కకి తియ్యలేరు అని.

అంతే, ఆ ఒక్క మాటతో నాకు అక్కడి లోకం తెరుచుకుంది. నెక్స్ట్ అన్నవాడు ఎవడైనా సరే, ఆరున్నర అడుగులవాడైనా, నాలాగా కళ్ళద్దాలకి తాడు కట్టుకుని వచ్చినవాడైనా, వరసలో వాడి వంతు వాడిదే. దానికి రిజిస్టర్ లేదు, టోకెన్ లేదు, చూసుకునేవాడు లేడు, అయినా ముప్ఫై మంది నిలబడి ఉన్న చోట ఎవరి తర్వాత ఎవరో అందరికీ గుర్తుంటుంది.

ఆట రూల్స్ గ్రౌండ్‌ని బట్టి మారతాయి గానీ మా దగ్గర మామూలు బుట్టకి ఒకటి, దూరం నుంచి వేస్తే రెండు, పదకొండుకి గేమ్, కానీ రెండు పాయింట్ల తేడా ఉండాల్సిందే. గెలిచిన టీమ్ కోర్టు మీదే ఉంటుంది, ఓడినవాళ్ళు దిగిపోవాలి, దిగిపోతే మళ్ళీ వరస చివరకి, ఎండలో గంటన్నర. బయటివాళ్ళకి ఇక్కడే అర్థం కాదు, పైసా బహుమతి లేని ఆటలో అంత పట్టుదల ఎందుకు, అంత అరుచుకోవడం ఎందుకు అని అడుగుతారు. ఆ గంటన్నర కోసమండీ. ఓడిపోతే పోయేది కప్పు కాదు, ఆ రోజు సాయంత్రం.

రిఫరీ ఉండడు. ఫౌల్ అయితే తగిలించుకున్నవాడే చెప్పాలి, చెప్పాక అవతలివాడు ఒప్పుకోవాలి. ప్రతి చిన్నదానికీ ఫౌల్ ఫౌల్ అని అరిచేవాడిని ఎవరూ తిట్టరు, తర్వాతి వారం వాడిని ఎవరూ ఏరుకోరు, శిక్ష అంతే. వాదన తెగకపోతే వివాదం ఉన్నవాడు బుట్టకి ఎదురుగా దూరం నుంచి ఒక షాట్ వేస్తాడు, పడితే బాల్ వాడిది, పడకపోతే కాదు, బాల్ అబద్ధం చెప్పదు అంటారు. ఏడేళ్ళలో తోపులాటలు చూశాను, ఒకసారి కొట్టుకోవడమూ చూశాను, కానీ నూటికి తొంభైసార్లు గొడవ ఆ ఒక్క షాట్‌తో ఆగిపోయేది. ఒకరికొకరు పేర్లు కూడా తెలియని పదిమంది తమని తామే అదుపులో పెట్టుకుంటూ ఆడే ఆట అది, దాన్ని ట్రిక్కులాట అంటే నాకు కష్టంగా ఉండదా మరి.

ఆ ట్రిక్కులు కూడా గాల్లోంచి రాలేదు. బయట గాలి ఉంటుంది, దూరం షాట్ వేస్తే పక్కకి కొట్టుకుపోతుంది, పైగా చాలా చోట్ల డబుల్ రిమ్‌లు, అంటే ఒక ఇనప కడ్డీ మీద ఇంకోటి వెల్డింగ్ చేసి ఉంటుంది, జనం వేలాడితే వంగకుండా. దాని మీద బాల్ పడితే రాయి మీద పడ్డట్టు ఎగిరి అవతల పడుతుంది, కనికరం లేదు. అందుకే అక్కడి పిల్లలు దూరం నుంచి వెయ్యరు, డ్రిబుల్ చేస్తూ మనుషుల మధ్యలోంచి దూరి బుట్ట కిందకి పోతారు. గ్రెనిచ్ విలేజ్‌లో వెస్ట్ ఫోర్త్ స్ట్రీట్ కోర్టు ఉంది, దాన్ని ది కేజ్ అంటారు, అంటే బోను. మామూలు కోర్టు కంటే చిన్నది, గీత దాటితే కంచె, కాబట్టి ఒంటికి ఒళ్ళు రాసుకోకుండా అక్కడ ఒక్క అడుగు వెయ్యలేరు. అక్కడ 1977లో కెన్నీ గ్రేమ్ అనే ఆయన మొదలుపెట్టిన సమ్మర్ లీగ్ చూడటానికి సబ్‌వే మెట్లు ఎక్కి వచ్చేవాళ్ళు వచ్చినట్టే కంచె పట్టుకుని నిలబడిపోతారు. న్యూయార్క్ పాయింట్ గార్డ్, అంటే టీమ్‌కి బాల్ నడిపించేవాడు, అని ఎందుకు పేరొచ్చిందో ఆ కోర్టు దగ్గర పావుగంట నిలబడితే ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ఇక మీ వ్యాసంలో ఒక్కసారి కూడా పేరు రాని మనిషి గురించి చెప్పాలి. రకర్ పార్క్ అని నాలుగుసార్లు రాశారు, కానీ రకర్ అంటే ఎవరో రాయలేదు. హోల్‌కమ్ రకర్ ఆటగాడిగా పేరు తెచ్చుకున్నవాడు కాదు. న్యూయార్క్ పార్క్స్ డిపార్ట్‌మెంట్‌లో ప్లేగ్రౌండ్ డైరెక్టర్, అంటే గ్రౌండ్ గేటు తీసి మూసే ఉద్యోగం అనుకోండి, కొంచెం పెద్ద పేరుతో. 1950 ప్రాంతంలో హార్లెం పిల్లలకి వేసవిలో పని ఉండాలని ఒక టోర్నమెంట్ మొదలుపెట్టాడు, మొదట్లో సెవెంత్ అవెన్యూ మీద ఒక గ్రౌండ్‌లో. ఆడాలంటే స్కూల్ రిపోర్ట్ కార్డు తెచ్చి చూపించాలి. మార్కులు తగ్గితే ఆయనే కూర్చోబెట్టి చదివించేవాడు, గ్రామర్ చెప్పేవాడు. ఈచ్ వన్ టీచ్ వన్ అనేది ఆయన టోర్నమెంట్ మాట, ఒక్కొక్కరూ ఇంకొకరికి నేర్పండి అని. ఆయన చేతి కింద ఆడి కాలేజీ స్కాలర్‌షిప్ తెచ్చుకున్న పిల్లలు వందల్లో ఉన్నారు. 1965లో క్యాన్సర్‌తో పోయాడు, నలభై నిండకుండానే. ఇప్పుడు అందరూ రకర్ అంటున్నది 155వ స్ట్రీట్, ఫ్రెడరిక్ డగ్లస్ బులెవార్డ్ మూల మీద ఉన్న కోర్టు, 1974లో దానికి ఆయన పేరు పెట్టారు. రోడ్డుకి అవతల ఒకప్పుడు పోలో గ్రౌండ్స్ బేస్‌బాల్ స్టేడియం ఉండేది, 1964లో కూల్చేసి అక్కడ ఇళ్ళ టవర్లు కట్టారు. అంత పెద్ద స్టేడియం పోయింది, దాని ఎదురుగా ఉన్న తారు కోర్టు మిగిలింది, నాకెప్పుడూ అది వింతగానే ఉంటుంది.

ఆ టోర్నమెంట్‌లో విల్ట్ చాంబర్లెయిన్ ఆడాడు, కరీం అబ్దుల్ జబ్బార్ ఆడాడు, అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ వాళ్ళు వేసవి సెలవుల్లో వచ్చి గ్రౌండ్ కుర్రాళ్ళ మీద ఆడేవాళ్ళు, ఆ కుర్రాళ్ళు కొన్నిసార్లు వాళ్ళకి చుక్కలు చూపించేవాళ్ళు. జూలియస్ ఎర్వింగ్ 70ల మొదట్లో వచ్చినప్పుడు చోటు చాలక జనం చెట్లెక్కారు, చుట్టుపక్కల మేడల మీదకెక్కారు. మైక్ పట్టుకున్నాయన రకరకాల పేర్లు పెట్టి పిలుస్తుంటే అవేవీ వద్దు, పిలవాలనుకుంటే డాక్టర్ అని పిలవండి అన్నాడట, ఆ పేరు స్కూల్ రోజుల్లోనే ఫ్రెండ్ పెట్టింది. తర్వాత ప్రపంచమంతా డాక్టర్ జే అంది. పేరు మాత్రం ఎవరికి వాళ్ళు పెట్టుకుంటే అక్కడ అతకదు, నీ ఆట చూసి జనం పెట్టాలి, పెట్టాక అది నీకంటే ఎక్కువ కాలం బతుకుతుంది.

ఎర్ల్ మానిగోల్ట్ సంగతి తీసుకోండి, గోట్ అని ఆయన ముద్దుపేరు. మీరు ఆయన్ని డ్రగ్స్ ఉదాహరణగా వాడుకున్నారు, మూడు లైన్లు. నిజమే, హెరాయిన్ తీసుకున్నాడు, జైలుకెళ్ళాడు, ఎన్‌బీఏలో ఒక్క గేమ్ ఆడలేదు. కానీ బయటికొచ్చాక అదే వీధుల్లో, యామ్‌స్టర్‌డామ్ అవెన్యూ మీద 99వ స్ట్రీట్ దగ్గరి పార్కులో, పిల్లలు డ్రగ్స్ జోలికి పోకుండా టోర్నమెంట్ నడిపాడు, ఆ పార్కుని ఇప్పటికీ గోట్ పార్క్ అనే అంటారు. 1998లో పోయాడు. 1989లో కరీం రిటైరవుతున్నప్పుడు నువ్వు ఆడినవాళ్ళలో గొప్పవాడెవరు అని అడిగితే, ఎన్‌బీఏ పేర్లన్నీ వదిలేసి గోట్ పేరు చెప్పాడు. ఆ రెండూ వ్యాసంలో ఉండాలి కదండీ.

ఆయన మీద కథలకి లెక్కలేదు. ఒక చేత్తో డంక్ చేసి, అంటే ఎగిరి బాల్‌ని పైనుంచి బుట్టలోకి కుక్కి, గాల్లో ఉండగానే కింద పడుతున్న బాల్‌ని రెండో చేత్తో పట్టి మళ్ళీ డంక్ చేసేవాడంటారు. అరవై డాలర్ల పందెం కోసం వెనక్కి తిరిగి వరసగా ముప్ఫై ఆరు డంక్‌లు చేశాడంటారు. అన్నిటికంటే పెద్దది, బ్యాక్‌బోర్డ్, అంటే బుట్ట వెనక ఉండే బోర్డు, దాని పై అంచు మీద పెట్టిన పాతిక సెంట్ల బిళ్ళని ఎగిరి తీసేవాడని. బ్రూక్లిన్ జాకీ జాక్సన్ గురించీ ఇదే కథ చెప్తారు.

నేను లెక్కల మనిషిని, ఒకరోజు కూర్చుని లెక్క కట్టాను. రిమ్ పదడుగుల ఎత్తు, బోర్డు మూడున్నర అడుగులు, దాని కింది అంచు రిమ్‌కి అర అడుగు కింద, అంటే పై అంచు నేల నుంచి పదమూడు అడుగులు. మానిగోల్ట్ ఆరడుగుల ఒక అంగుళం, చెయ్యెత్తి నిలబడితే ఎనిమిది అడుగులు అందుకుంటాడు అనుకుందాం. అంటే అయిదడుగులు ఎగరాలి. మనుషుల్లో బాగా ఎగిరేవాళ్ళే నాలుగడుగుల దగ్గర ఆగిపోతారు. ఆ కాగితం పట్టుకెళ్ళి కుర్చీ పెద్దాయనకి చూపించాను, కోప్పడతాడేమో అనుకున్నా. ఆయన కాగితం మొత్తం ఓపిగ్గా చదివి, లేచి, నన్ను రిమ్ కిందకి తీసుకెళ్ళి బోర్డు మీద ఉన్న చదరం గీతలు చూపించాడు. బిళ్ళ తీయడం నేనెప్పుడూ చూడలేదు అన్నాడు. కానీ ఈ గ్రౌండ్‌లోనే ఒక కుర్రాడు, వాడి పేరు నీకు ఎక్కడా దొరకదు, అరచేతికి సుద్ద రాసుకుని ఎగిరి ఆ చదరం పై గీత మీద కొట్టాడు, వాన పడేదాకా ఆ చెయ్యి ముద్ర అక్కడే ఉంది, మేం రోజూ వచ్చి చూసేవాళ్ళం అన్నాడు.

ఇంటికొచ్చి మళ్ళీ లెక్క వేశాను. చదరం కింది గీత రిమ్‌తో సమానం, ఎత్తు ఒకటిన్నర అడుగు, అంటే పై గీత పదకొండున్నర. ఆరడుగుల మనిషికి మూడున్నర అడుగుల పైన ఎగురుడు. చాలా చాలా కష్టం, కానీ మనిషికి సాధ్యమే. ఆ రోజు నుంచి ఈ కథల్ని నేను అబద్ధాలు అనను. పదకొండున్నర అడుగుల ఎత్తు నిజంగా అందుకున్న కుర్రాడి పేరు ఏ పుస్తకంలోనూ లేదు, వాడి పాయింట్లు ఎవరూ రాసుకోలేదు, వాడి ఆటకి రసీదు ఆ సుద్ద ముద్ర ఒక్కటే, అదీ వానకి పోయింది. చూసినవాళ్ళు నోటితో మోస్తున్నారు, మోసేటప్పుడు ఒక అడుగు కలిసిందంటే కలవనివ్వండి.

జో హేమండ్ కథా అలాంటిదే. డిస్ట్రాయర్ అంటారు ఆయన్ని. రకర్ ఫైనల్‌కి సగం ఆట అయ్యాక వచ్చి, మిగిలిన సగంలోనే యాభై పాయింట్లు కొట్టాడని, అదీ అవతల టీమ్‌లో డాక్టర్ జే ఉండగా, అని చెప్పుకుంటారు. ఎన్‌బీఏ టీమ్ లేకర్స్ 1971లో తీసుకోవాలని చూస్తే వెళ్ళలేదు, వీధిలో అంతకంటే ఎక్కువే సంపాదిస్తున్నా అనుకున్నాడు, ఆ సంపాదన ఎలాంటిదో దాచాల్సిన పని లేదు, దానికి మూల్యం ఆయనే కట్టాడు.

కానీ అందరిదీ ఆ దారే కాదు కదా. కోనీ హాకిన్స్ అని, బ్రూక్లిన్ గ్రౌండ్లలో పెరిగినవాడు, 1961 కాలేజీ బెట్టింగ్ స్కాండల్‌లో పేరు లాగారు, ఏ తప్పూ రుజువు కాలేదు, అయినా కాలేజీ పోయింది, ఎన్‌బీఏ తలుపు మూసుకుంది. ఇంకో లీగ్‌లో, గ్లోబ్‌ట్రాటర్స్ అనే ప్రదర్శన టీమ్‌తో, చిన్న చిన్న చోట్ల ఏళ్ళ తరబడి ఆడాడు, చివరికి లీగ్ మీద కేసు వేస్తే 1969లో రాజీకొచ్చి తీసుకున్నారు, 1992లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో పెట్టారు. ఇక్కడ మనిషిని పాడు చేసింది వీధి కాదు, బల్లల వెనక కూర్చున్నవాళ్ళు. వీధి ఆయన్ని ఒక్కరోజు కూడా ఆడొద్దు అనలేదు.

నాన్సీ లీబర్‌మన్ పేరు కూడా వెయ్యాలి మీరు. న్యూయార్క్ అవతలి చివరున్న ఫార్ రాకవే నుంచి 'ఏ' అనే సబ్‌వే ట్రైన్ ఎక్కి, టీనేజ్ పిల్ల, ఒక్కతే హార్లెం వచ్చి మగవాళ్ళతో ఆడేది. 1976 ఒలింపిక్స్‌లో సిల్వర్ గెల్చిన అమెరికా టీమ్‌లో ఉంది, అప్పటికి పద్దెనిమిదేళ్ళే. ఆ రైలు ప్రయాణం నేనూ చేశాను, ఆ చివర నుంచి ఈ చివరకి గంట పైనే పడుతుంది.

మీరు రాసిన ట్రిక్కులు క్యాసెట్లతో ప్రపంచానికి తెలిశాయి. ఆండ్‌వన్ అనే షూ కంపెనీ 90ల చివర్లో రేఫర్ ఆల్‌స్టన్ అనే క్వీన్స్ కుర్రాడి ఆట టేప్‌ని పంచిపెట్టింది, స్కిప్ టు మై లూ అని వాడి ముద్దుపేరు, ఆ టేప్ చూసి ఎక్కడెక్కడి పిల్లలో నేర్చుకున్నారు. ఒక్క మాట మాత్రం జనం మర్చిపోతారు, ఆ ఆల్‌స్టన్‌ని 1998లో మిల్వాకీ టీమ్ ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్ళ ఎంపికలో, తీసుకుంది, 2009లో ఎన్‌బీఏ ఫైనల్స్‌లో ఒర్లాండోకి ఆడాడు. అంటే ఆ డ్రిబుల్ షో ఒక్కటే కాదు, గట్టి ఆట కూడా వచ్చు.

నా కళ్ళతో చూసిన ఒక రాత్రి చెప్తాను. 2003 ఆగస్టు 14, గురువారం. 1982లో గ్రెగ్ మారియస్ మొదలుపెట్టిన ఎంటర్‌టైనర్స్ టోర్నమెంట్ ఫైనల్ ఆ సాయంత్రం రకర్‌లో, ర్యాపర్లు ఫ్యాట్ జో టీమ్‌కీ జే జీ టీమ్‌కీ మధ్య. హైస్కూల్ నుంచి అప్పుడే ఎన్‌బీఏకి వెళ్తున్న లెబ్రాన్ జేమ్స్ వస్తాడని ఊరంతా మాట. నేను ఆఫీసు నుంచి తొందరగా బయలుదేరదామని సర్దుకుంటుంటే నాలుగూ పదికి కరెంటు పోయింది, ఒక్క న్యూయార్కే కాదు, ఆ ప్రాంతంలో రాష్ట్రాలకి రాష్ట్రాలే చీకటి. సబ్‌వే ఆగిపోయింది. మిడ్‌టౌన్ నుంచి జనంతో పాటు నడుచుకుంటూ పైకి వెళ్ళాను, వంద వీధుల పైన, ఇంటి దగ్గర ఆగకుండా నేరుగా 155కి వెళ్ళాను, ఆట ఉండదని తెలుసు, కాళ్ళు ఆగలేదు. గేటు బయట నాలాంటివాళ్ళు చాలామంది, కంచె పట్టుకుని లోపల ఖాళీ కోర్టు వైపు చూస్తూ. ఎవరో కార్ హెడ్‌లైట్లు వేశారు, చిన్న పిల్లలు పక్కన బాల్ ఆడటం మొదలుపెట్టారు, పెద్దవాళ్ళు కథలు మొదలుపెట్టారు, డాక్టర్ జే వచ్చిన రోజు ఎవరు ఏ చెట్టెక్కారో, హేమండ్ ఏ కారులో దిగాడో. ఆ ఫైనల్ మళ్ళీ జరగనే లేదు. జరిగి ఉంటే నేను స్కోర్ గుర్తుపెట్టుకునేవాడినేమో, జరగలేదు కాబట్టి ఆ రాత్రి విన్న మాటలన్నీ గుర్తున్నాయి.

2011 ఆగస్టులో ఎన్‌బీఏ లాకౌట్ టైంలో, అంటే యజమానులు ఆటలు ఆపేసినప్పుడు, ఎన్‌బీఏ ఆటగాడు కెవిన్ డురాంట్ అదే కోర్టులో 66 పాయింట్లు కొట్టాడు, అది వీడియోలో ఉంది, పాయింట్ పాయింట్‌కీ జనం కోర్టు మీదకి దూకడం చూడొచ్చు. అప్పటికి నేను వచ్చేశాను. ఇప్పుడైతే వీధుల్లో ముగ్గురేసి ఆడే సగం కోర్టు ఆట ఒలింపిక్స్‌లోకే వెళ్ళింది, టోక్యోలో 3×3 పేరుతో, పది నిమిషాలు లేదా 21 పాయింట్లు, ఒకటి రెండు లెక్కే, గ్రౌండ్ లెక్క. చూస్తుంటే బాగుంది, కానీ అక్కడ రిఫరీ ఉన్నాడు, నెక్స్ట్ అని అరిచేవాడు లేడు.

2020 మార్చిలో కరోనా మొదలయ్యాక న్యూయార్క్‌లో చాలా గ్రౌండ్లలో జనం గుమిగూడకుండా రిమ్‌లు విప్పేశారు. పాత టీమ్‌మేట్ ఒకడు ఫొటో పంపాడు, బోర్డులు ఉన్నాయి, తెల్ల చదరాలు ఉన్నాయి, రిమ్‌లు ఉండాల్సిన చోట నాలుగు బోల్టు రంధ్రాలు. చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. కుర్చీ పెద్దాయన అప్పటికే లేడు.

నేను అడిగేది ఇదండీ. మీకు వీలైతే హోల్‌కమ్ రకర్ మీద ఒక పూర్తి వ్యాసం వెయ్యండి, ఫొటోతో. గ్రౌండ్ కథలు వేస్తే 'అంటారు' అన్న మాట తీసెయ్యకుండా వెయ్యండి, ఎందుకంటే ఆ మాట ఉంటేనే అవి నిజాయితీగా ఉంటాయి, తీసేస్తే అబద్ధం అయిపోతాయి. మానిగోల్ట్ గురించి రాసినప్పుడు 99వ స్ట్రీట్ పార్కు కూడా రాయండి. ఎవరూ రాయడానికి లేకపోతే నేను రాసిస్తాను, డబ్బులేమీ వద్దు, ఆ సుద్ద ముద్ర కుర్రాడి ముక్క మాత్రం ఎడిట్‌లో కొట్టెయ్యకుంటే చాలు.

ఇట్లు,
మీ ఆదివారం స్పోర్ట్స్ పేజీ పాఠకుడు